హెచ్‌ఎస్‌సీ మార్కు ఎలా తయారవుతుంది: ఇయర్ 12 పిల్లలున్న తెలుగు ఇళ్ల కోసం

న్యూ సౌత్ వేల్స్‌లో ఇయర్ 12 చివర పిల్లలకు వచ్చే సర్టిఫికెట్ హెచ్‌ఎస్‌సీ. మా పెద్దమ్మాయి ఇయర్ 12లోకి వచ్చిన వారమే స్కూలు వాళ్లు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. సబ్జెక్టుకో పేజీ, పేజీకి నాలుగు గళ్లు. ఏ టాస్క్ (స్కూల్లో మార్కులు వేసే పని) ఏ టర్మ్‌లో, ఏ వారంలో, దానికి ఎంత శాతం అని అందులో ఉంది. నేను ఓసారి తిరగేసి బీరువాలో పెట్టేశాను. మేం చదువుకున్నది ఇంటర్. అక్కడ క్వార్టర్లీలు, హాఫ్ ఇయర్లీలు, ప్రీఫైనల్సు అన్నీ ప్రాక్టీసే. మార్చిలో బోర్డు పరీక్ష ఎలా రాశామన్నదే లెక్క. విజయవాడ నుంచి మా అన్నయ్య కూడా ఫోన్లో అదే చెప్పాడు: "చివరి మూడు నెలలు గట్టిగా కూర్చోబెట్టు, సరిపోతుంది."

ఆ ఫిబ్రవరిలో మాఘమాసం పెళ్లికి ఇండియా వెళ్లి, స్కూలు తెరిచాక రెండు వారాలు ఆలస్యంగా తిరిగొచ్చాం. ముందుగా ప్రిన్సిపాల్ అనుమతి తీసుకోవాలన్న సంగతి కూడా మాకు తట్టలేదు. వచ్చేసరికి కెమిస్ట్రీలో ఒక టాస్క్ అయిపోయింది. 25 శాతం టాస్క్. అందులో సున్నా వేశారు. అక్టోబరులో పిల్ల పరీక్ష బాగానే రాసింది, 86 వచ్చింది. అసెస్‌మెంట్ మార్కు మాత్రం 62. రెండూ కలిపి సగం చేస్తే 74. మార్కుల కాగితం మీద మిగిలింది అదే.

తర్వాత రెండోవాడి వంతు వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని బీరువాలోంచి తీసి మొదటి పేజీ నుంచి చదివాను. అర్థం కానివి టీచర్లను అడిగాను. సిడ్నీలోనైనా, న్యూ సౌత్ వేల్స్‌లో ఇంకెక్కడైనా మీ ఇంట్లో ఈ ఏడాదో వచ్చే ఏడాదో ఇయర్ 12 చదివే పిల్లలుంటే, మాకు ఆలస్యంగా తెలిసినవి మీకు ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందుగా, ఏది లెక్కలోకి వస్తుంది

హెచ్‌ఎస్‌సీ ఇచ్చేది నేసా అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. ప్రతి సబ్జెక్టులోనూ హెచ్‌ఎస్‌సీ మార్కులో సగం స్కూల్లో ఏడాది పొడవునా జరిగే అసెస్‌మెంట్ల నుంచి వస్తుంది. మిగతా సగం అక్టోబరు, నవంబరు నెలల్లో రాష్ట్రమంతా రాసే పరీక్ష నుంచి వస్తుంది. వొకేషనల్ కోర్సుల పద్ధతి వేరు. వాటిలో పరీక్ష రాస్తే ఆ పరీక్ష మార్కే ఉంటుంది, స్కూలు అసెస్‌మెంట్ మార్కు కలవదు.

ఇయర్ 11 మార్కులు ఇందులో కలవవు. ఇంటర్లో ఫస్టియర్, సెకండియర్ కలిపి వెయ్యికి లెక్కవేసే అలవాటున్న మనకు ఇది వింతగానే ఉంటుంది. ఇయర్ 11 పూర్తి చేయడం తప్పనిసరే, కానీ అక్కడ వచ్చిన 55 గానీ 95 గానీ హెచ్‌ఎస్‌సీ మార్కును మార్చదు. ఏదైనా సబ్జెక్టును ఒక ఏడాది ముందే పూర్తిచేసే పిల్లలకు మాత్రం, ఆ సబ్జెక్టు హెచ్‌ఎస్‌సీ మార్కు ఎప్పుడు వచ్చినా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఇయర్ 11లో ఒక టాస్క్ పోయిందని ఇంట్లో ఏడుపులు పెట్టకండి. సబ్జెక్టు మార్చుకోవాలన్నా, ఎలా చదవాలో తెలుసుకోవాలన్నా అదే సరైన ఏడాది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: ఇయర్ 12 జనవరిలో మొదలవదు. అంతకుముందు అక్టోబరులో, టర్మ్ 4లోనే మొదలవుతుంది. మొదటి టాస్కులు చాలా స్కూళ్లలో నవంబరు, డిసెంబరుల్లోనే అయిపోతాయి. "వేసవి సెలవులయ్యాక సీరియస్‌గా మొదలుపెడదాం" అనుకునేవాళ్లకు అప్పటికే ఒక గడి నిండిపోయి ఉంటుంది.

గళ్ల కాగితం ఫ్రిజ్ మీద పెట్టండి

స్కూలు ఇచ్చే అసెస్‌మెంట్ పుస్తకం ఇప్పుడు ఎక్కువగా పీడీఎఫ్ రూపంలోనే వస్తోంది. ప్రింట్ తీయండి. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం ఇయర్ 12లో ఒక సబ్జెక్టుకు మామూలుగా నాలుగు టాస్కులకు మించి ఉండవు. ఒక్కో టాస్కుకు కనీసం 10 శాతం, గరిష్ఠంగా 40 శాతం. వాటిలో పరీక్ష రూపంలో ఉండేది ఒక్కటే, దానికి 30 శాతం దాటకూడదు. చాలా స్కూళ్లలో ఆ ఒక్కటీ ట్రయల్స్, అంటే అక్టోబరు పరీక్షకు ముందు స్కూల్లోనే పెట్టే నమూనా పరీక్ష, అవుతుంది.

ఇప్పుడు ఒక పెద్ద కాగితం మీద వారాలు అడ్డంగా, సబ్జెక్టులు నిలువుగా గీసి, ప్రతి టాస్క్ శాతాన్ని దాని గడిలో రాయండి. ఆరు సబ్జెక్టులకు దాదాపు ఇరవై నాలుగు గళ్లు. రాసి చూస్తే తెలుస్తుంది, అవి ఏడాదంతా సమానంగా ఉండవు. కొన్ని వారాల్లో నాలుగైదు ఒకేచోట పడతాయి. మావాడికి టర్మ్ 2 ఏడో వారంలో మూడు సబ్జెక్టుల టాస్కులు కలిసి వచ్చాయి, అన్నీ కలిపి 75 శాతం. ఆ వారాన్ని ఎర్ర పెన్నుతో చుట్టాం. ఆ వారంలో గృహప్రవేశాలు, పుట్టినరోజు విందులు, డ్యాన్సు ప్రోగ్రాములు దేనికీ ఒప్పుకోలేదు. పిల్లవాడి పార్ట్‌టైమ్ షిఫ్టులు కూడా ముందే తగ్గించుకున్నాడు.

ఇండియా టికెట్లు కొనేముందు కూడా ఈ కాగితమే చూడండి. మన పెళ్లి ముహూర్తాలు ఎక్కువగా ఫిబ్రవరిలో, మళ్లీ ఆగస్టు దగ్గర శ్రావణంలో పడతాయి. ఒకటి టర్మ్ 1 టాస్కుల కాలం, రెండోది ట్రయల్స్ కాలం. కుటుంబ ప్రయాణాన్ని స్కూళ్లు మామూలుగా సరైన కారణంగా ఒప్పుకోవు. వెళ్లక తప్పకపోతే టికెట్ కొనకముందే ప్రిన్సిపాల్‌కు రాసి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

టాస్కులన్నీ ఎలా కలుస్తాయో ఒక ఉదాహరణ. మ్యాథ్స్ అడ్వాన్స్‌డ్‌లో నాలుగు టాస్కులకు 20, 25, 25, 30 శాతం అనుకుందాం. పిల్లకు వందకు 70, 80, 76, 82 వచ్చాయి. 70లో 20 శాతం అంటే 14. 80లో 25 శాతం 20. 76లో 25 శాతం 19. 82లో 30 శాతం 24.6. మొత్తం 77.6. ఇది స్కూలు నేసాకు పంపే మార్కు. చివరి మార్కుల కాగితం మీద కనిపించేది ఇది కాదు. అది ఎందుకు మారుతుందో తర్వాత వస్తుంది.

సైన్సు సబ్జెక్టులు తీసుకున్న పిల్లలకు ఇంకో మాట. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో స్కూలు అసెస్‌మెంట్‌లో 40 శాతమే విషయ పరిజ్ఞానానికి. 60 శాతం ప్రయోగాన్ని రూపొందించడం, డేటాను విశ్లేషించడం, తీర్మానాన్ని రాయడం వంటి నైపుణ్యాలకు. ఒక టాస్క్ డెప్త్ స్టడీ, అంటే పిల్లలు తామే ఒక ప్రశ్న ఎంచుకుని లోతుగా చేసే పని. మనం ఇంట్లో కూర్చోబెట్టి సూత్రాలు, సమీకరణాలు బట్టీ పట్టిస్తే ఆ 40కే పనికొస్తుంది. మిగతా 60 కోసం ప్రాక్టికల్ రిపోర్టు రాయించండి, గ్రాఫు చూపించి "ఇందులో తప్పు ఎక్కడ ఉండొచ్చు?" అని అడగండి.

స్కూలు మార్కు కన్నా ర్యాంకు, ర్యాంకు కన్నా తేడా

టాస్క్ మార్కు రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఎంత వచ్చింది?" అడగాల్సింది "సబ్జెక్టు మొత్తంలో ఎన్నో స్థానం? నీ ముందువాళ్లకీ నీకూ తేడా ఎంత?"

ఎందుకంటే ఒక స్కూల్లో పేపరు తేలిగ్గా ఉంటుంది, ఇంకో స్కూల్లో కష్టంగా ఉంటుంది. ఒక టీచరు చేయి ధారాళం, ఇంకొకరు అర మార్కుకు కూడా ఆలోచిస్తారు. ఒకచోట వచ్చిన 92నీ ఇంకోచోట వచ్చిన 74నీ నేరుగా పోల్చలేం. అందుకే నేసా స్కూలు పంపే మార్కుల నుంచి తీసుకునేది పిల్లల వరస, వాళ్ల మధ్య దూరాలు. ర్యాంకు అంటే మీ పిల్ల కూర్చునే సెక్షన్‌లో కాదు. ఆ స్కూల్లో ఆ సబ్జెక్టు తీసుకున్న అందరూ, ఎంతమంది టీచర్లు చెప్పినా, ఒకే గుంపు.

దూరాలు ఎందుకు ముఖ్యమో చూడండి. ఒక 20 శాతం టాస్కులో అందరికీ 85 నుంచి 90 మధ్యే వచ్చాయనుకోండి. అందులో ఎవరూ పెద్దగా ముందుకూ పోరు, వెనక్కీ పోరు. ఇంకో 20 శాతం టాస్కులో 40 నుంచి 95 దాకా పరుచుకుంటే, ఏడాది ర్యాంకును తేల్చేది చాలావరకు అదే. కాబట్టి కష్టమైన టాస్క్ వస్తోందని పిల్లలు భయపడుతుంటే, తయారీకి ఎక్కువ సమయం దానికే కేటాయించమని చెప్పండి. అక్కడ సంపాదించిన పది మార్కులకు విలువ ఎక్కువ.

మోడరేషన్: ఇక్కడ నెమ్మదిగా చదవండి

ఇదే మన ఇళ్లలో చాలామందికి తెలియనిది. తెలిస్తే ఏడాది మొత్తం చూసే తీరు మారుతుంది.

అక్టోబరు పరీక్ష అయ్యాక నేసా ప్రతి స్కూలులోని ప్రతి సబ్జెక్టు గుంపునూ తీసుకుని, వాళ్లంతా కలిసి పరీక్షలో ఎలా రాశారో చూస్తుంది. ఆ కొలత మీదికి స్కూలు అసెస్‌మెంట్ మార్కుల్ని సర్దుతుంది. నియమాలు మూడు. ఆ గుంపులో పరీక్షలో వచ్చిన అత్యధిక మార్కు, అసెస్‌మెంట్‌లో మొదటి స్థానంలో ఉన్నవాళ్ల మార్కు అవుతుంది. గుంపు పరీక్ష సగటు ఎంతో, సర్దిన అసెస్‌మెంట్ల సగటు కూడా అంతే అవుతుంది. వీలైనంతవరకు పరీక్షలో వచ్చిన అతి తక్కువ మార్కు, చివరి ర్యాంకు వాళ్ల అసెస్‌మెంట్ మార్కు అవుతుంది. మధ్యలో ఉన్నవాళ్లు తమ వరసలోనే, తమ దూరాల ప్రకారం సర్దుకుంటారు.

ఐదుగురున్న గుంపుతో చేసి చూద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి.

స్కూలు పంపిన అసెస్‌మెంట్ మార్కులు, ఒకటో ర్యాంకు నుంచి ఐదో ర్యాంకు దాకా: 92, 84, 76, 68, 60.

అదే వరసలో పిల్లలకు పరీక్షలో వచ్చినవి: 80, 88, 66, 74, 52.

పరీక్షలో అత్యధికం 88, అత్యల్పం 52, సగటు 72. ఈ మూడింటికీ సరిపోయేలా సర్దితే అసెస్‌మెంట్ మార్కులు ఇలా వస్తాయి: 88, 82, 74, 64, 52. కూడి చూడండి, 360. ఐదుతో భాగిస్తే 72.

ఇప్పుడు రెండు సగాలూ కలపండి. ఒకటో ర్యాంకు పిల్లకు 88, 80 కలిపి సగం, 84. రెండో పిల్లవాడికి 82, 88 కలిపి 85. మూడో పిల్లకు 74, 66 కలిపి 70. నాలుగో పిల్లవాడికి 64, 74 కలిపి 69. ఐదో పిల్లకు 52.

ఇందులో ఒక్క విషయం చూడండి. ఒకటో ర్యాంకు పిల్లకు అసెస్‌మెంట్ మార్కుగా వచ్చిన 88 ఆమె రాసిన పరీక్షది కాదు. రెండో ర్యాంకు పిల్లవాడు పరీక్షలో తెచ్చిన 88 అది. అతను బాగా రాశాడు కాబట్టే ఆమె అసెస్‌మెంట్ సగం పైకి నిలబడింది. అతనికి ఆ రోజు 80 దగ్గరే ఆగిపోయి ఉంటే, ఆమెకూ 80కి మించి వచ్చేది కాదు. అసలు లెక్క పరీక్షలో వచ్చిన రా మార్కుల (ఇంకా ఏ సర్దుబాటూ చేయని మార్కుల) మీద జరుగుతుంది, గుంపులు పెద్దవి, ఫార్ములా కంప్యూటర్ చేస్తుంది. పద్ధతి మాత్రం ఇదే.

దీన్నిబట్టి కొన్ని సంగతులు మీకే అర్థమవుతాయి. స్కూలుకు పాత పేరు ఉందా, గత ఏడాది ఎంత వచ్చింది అన్నది మోడరేషన్‌లో లేదు. ఈ ఏడాది, ఈ గుంపు, ఈ పరీక్ష. అంతే. స్కూల్లో మార్కులు ధారాళంగా వేసినంత మాత్రాన లాభం లేదు, పిసినారిగా వేసినా నష్టం లేదు. సబ్జెక్టులో ఒక్కరే ఉంటే, వాళ్ల పరీక్ష మార్కే అసెస్‌మెంట్ మార్కు అవుతుంది. గుంపు చివరలో ఉన్నవాళ్లకు పెద్ద మార్కులు రావడం చాలా కష్టం, ఎందుకంటే చివరి ర్యాంకు అసెస్‌మెంట్ సగాన్ని కిందికి లాగుతుంది. మా అమ్మాయి కెమిస్ట్రీలో జరిగింది ఇదే. సున్నా వేసిన టాస్క్ ఒక్కటే. అది ర్యాంకును కింది వరసలోకి తోసేసింది, ఆ ర్యాంకు 62గా మారింది.

నోట్సు దాచుకోకండి

ఇది మనసులోంచి చెప్తున్న మాట. మన ఇళ్లలో "వాళ్ల పిల్లకు నీ నోట్సు ఇవ్వకు, రేపు నిన్నే దాటిపోతుంది" అన్న మాట నేనూ విన్నాను. ఇంటర్‌లో కూడా అది మంచి మాట కాదు. ఇక్కడైతే లెక్క ప్రకారమే తప్పు. పక్కన కూర్చున్నవాళ్లు పరీక్షలో తెచ్చే ప్రతి మార్కు గుంపు సగటును పెంచుతుంది. అందులో కొంత మీ పిల్ల అసెస్‌మెంట్ సగంలో కూడా చేరుతుంది.

టర్మ్ 3 మొదలయ్యాక మావాడి గుంపు శనివారాలు మా ఇంట్లో కూర్చునేది. ఒకడు ఫిజిక్స్ ప్రశ్న బోర్డు మీద చేసి చూపిస్తాడు, మిగతావాళ్లు ఎక్కడ మార్కు పోతుందో మార్కింగ్ గైడ్ చూసి చెప్తారు. గత ఏళ్ల పేపర్లు, మార్కింగ్ గైడ్లు నేసా వెబ్‌సైట్లో ఉచితంగానే ఉంటాయి. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం. గుంపులో ఆఖరున ఉన్న కుర్రాడు కూడా వచ్చేవాడు. అతనికి చెప్పడంలోనే మావాడికి మొమెంటమ్ పాఠం నిజంగా అర్థమైంది.

అయితే కలిసి చదవడానికి ఒక హద్దు ఉంది. సొంతంగా చేయాల్సిన టాస్కును గుంపుగా చేయకూడదు. పిల్లలు ఆల్ మై ఓన్ వర్క్ అనే కార్యక్రమాన్ని ముందే పూర్తి చేయాల్సి ఉంటుంది. అందులో నకలు, ఆధారాలు చూపడం, ఇతరుల సహాయానికి హద్దు ఎక్కడో చెప్తారు. ట్యూటర్ రాసిన పేరా అయినా, ఏఐ రాసిన పేరా అయినా తమదని పెడితే సున్నా దాకా వెళ్తుంది. ఆ సున్నా ఎంత దూరం వెళ్తుందో పైన చూశారు.

టాస్క్ రోజు జ్వరం వస్తే

పొద్దున లేచేసరికి పిల్లకు 39 డిగ్రీల జ్వరం. ఆ రోజు టాస్క్. ఏం చేయాలి?

స్కూలు తెరిచేలోపే ఫోన్ చేసి చెప్పండి, ఈమెయిల్ కూడా పంపండి. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. రెండు రోజుల తర్వాత తెచ్చినదాన్ని చాలా స్కూళ్లు ఒప్పుకోవు. సర్టిఫికెట్‌లో టాస్క్ తేదీకి పనికిరాని స్థితిలో ఉందని స్పష్టంగా రాయమని అడగండి. స్కూలు ఇల్‌నెస్ మిస్‌అడ్వెంచర్ ఫారాన్ని గడువులోపు నింపండి. గడువు స్కూలు స్కూలుకీ మారుతుంది, పుస్తకంలో ఉంటుంది. ఇంట్లో మరణం, యాక్సిడెంట్ వంటి వాటికీ ఇదే దారి.

జ్వరంతోనే టాస్క్ రాసేసి, మార్కులు తగ్గాక చెప్పడం చాలా కష్టమవుతుంది. రాయలేని స్థితిలో ఉంటే ముందే చెప్పాలి.

దీర్ఘకాలిక సమస్యలు ఉన్న పిల్లలకు, ఉదాహరణకు డయాబెటిస్, చూపు సమస్య, డిస్లెక్సియా, తీవ్రమైన ఆందోళన ఉన్నవాళ్లకు డిసెబిలిటీ ప్రొవిజన్స్ ఉంటాయి. అదనపు సమయం, విరామం, పెద్ద అక్షరాల పేపరు వంటివి. దరఖాస్తు స్కూలు ద్వారానే వెళ్లాలి, ఇయర్ 12 మొదట్లోనే అడగాలి. మన ఇళ్లలో ఇవి అడగడానికి సిగ్గుపడతారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఈ ఏర్పాట్లు వాడుకున్నట్టు మార్కుల కాగితం మీద ఎక్కడా రాయరు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. అన్నీ కలిపి సగానికి మించిన వెయిటేజీ అయ్యేన్ని టాస్కుల్ని నిజాయితీగా చేయకపోతే, ఆ సబ్జెక్టు పూర్తి కాలేదని ఎన్ డిటర్మినేషన్ ఇస్తారు. స్కూలు ముందుగా ఇంటికి హెచ్చరిక లేఖలు పంపుతుంది. లేఖ వచ్చిందంటే పిల్ల మీద కేకలు వేయడం కన్నా ముందు ఆ టాస్క్ ఎప్పటిలోపు ఇవ్వాలో చూడండి.

ట్రయల్స్

ట్రయల్స్ టర్మ్ 3లో, చాలాచోట్ల జులై చివర నుంచి ఆగస్టు దాకా. ఒక్కో సబ్జెక్టుకు 30 శాతం దాకా ఉన్న ఆఖరి పెద్ద గడి ఇదే. ట్రయల్స్ అయ్యాక అసెస్‌మెంట్ సగం దాదాపు మూతపడినట్టే. మెడిసిన్ అనుకునే పిల్లలకు ఇక్కడే మరో చిక్కు. యూక్యాట్ పరీక్ష కూడా జులై, ఆగస్టు మొదట్లోనే పడుతుంది. మన దగ్గర మెడిసిన్ ఆశ ఎక్కువ కాబట్టి చెప్తున్నాను. యూక్యాట్‌ను జులై మొదట్లో సెలవుల్లోనే బుక్ చేసుకుంటే ట్రయల్స్‌కు రెండు వారాలు మిగులుతాయి.

ట్రయల్స్ పేపర్లు తిరిగి వచ్చాక మార్కు చూసి మూసేయకండి. పోయిన ప్రతి మార్కునూ మూడు రకాలుగా రాయించండి: తెలియక పోయినవి, తెలిసి తప్పు చేసినవి, సమయం చాలక పోయినవి. మావాడికి ఇంగ్లీషులో పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం మూడో రకం. ఆ తర్వాత ఆరు వారాలు వాడు చేసింది ఒకటే, 40 నిమిషాల్లో ఒక వ్యాసం చేత్తో రాయడం.

అక్టోబరు పరీక్ష, బ్యాండ్లు

పరీక్షలు అక్టోబరు మధ్యలో మొదలై నవంబరు మొదటి వారాల దాకా సాగుతాయి. దీపావళి చాలా ఏళ్లు ఆ రోజుల్లోనే పడుతుంది. ఇంట్లో దీపాలు పెట్టండి, స్వీట్లు చేయండి, పిల్లను పొద్దుపోయేదాకా విందుకు తీసుకెళ్లకండి.

పరీక్ష రోజు బాగోలేకపోతే, డాక్టరు వద్దంటే తప్ప, వెళ్లి రాయాలి. తర్వాత స్కూలు ద్వారా నేసాకు ఇల్‌నెస్ మిస్‌అడ్వెంచర్ దరఖాస్తు పెట్టాలి. అది ఒప్పుకుంటే పరీక్ష మార్కూ అసెస్‌మెంట్ ఆధారంగా వచ్చే మార్కూ రెండింటిలో ఎక్కువైనది ఇస్తారు. ఏడాదంతా అసెస్‌మెంట్లు బాగా చేసిన పిల్లలకు ఇది పెద్ద గొడుగు.

పేపర్ల మీద వచ్చిన రా మార్కు నేరుగా కాగితం మీద రాదు. ప్రతి సబ్జెక్టులో అనుభవమున్న టీచర్లు కూర్చుని, ఎన్ని రా మార్కులు తెచ్చుకుంటే ఏ స్థాయి అని నిర్ణయిస్తారు. తర్వాత మార్కుల్ని ఆ కొలత మీదికి మారుస్తారు. 90 నుంచి 100 బ్యాండ్ 6, 80ల్లో బ్యాండ్ 5, 70ల్లో బ్యాండ్ 4, అలా కిందికి. 50 లోపు బ్యాండ్ 1. ఇంతమందికే బ్యాండ్ 6 అన్న కోటా లేదు. ఎక్స్‌టెన్షన్ కోర్సులకు ఈ1 నుంచి ఈ4 దాకా వేరే స్థాయిలు ఉంటాయి.

ఏటార్ వేరే లెక్క

యూనివర్సిటీ ప్రవేశానికి చూసే ఏటార్ మార్కు కాదు, స్థానం. ఇచ్చేది యూనివర్సిటీ దరఖాస్తులు చూసే యూఏసీ అనే సంస్థ, నేసా కాదు. 80 ఏటార్ అంటే నూటికి 80 వచ్చాయని అర్థం కాదు. ఆ వయసు వాళ్లందరిలో, అంటే మధ్యలో చదువు మానేసిన వాళ్లతో సహా, 80 శాతం మంది కన్నా ముందున్నారని అర్థం. ఏటార్ వచ్చినవాళ్లలో మధ్యలో ఉన్నవాళ్లకు సుమారు 70 వస్తుంది. అందుకే 72 తెచ్చుకున్న పిల్లను "డెబ్బై రెండేనా?" అనకండి. అత్యధికం 99.95.

లెక్క ఇలా. యూఏసీ బ్యాండ్లలోకి మార్చకముందు ఉన్న రా మార్కుల్ని తీసుకుని, ఆ సబ్జెక్టు తీసుకున్న పిల్లలు తమ మిగతా సబ్జెక్టుల్లో ఎంత బలంగా ఉన్నారో చూసి స్కేల్ చేస్తుంది. తర్వాత ఇంగ్లీషు నుంచి 2 యూనిట్లు తప్పనిసరిగా, మిగతావాటిలో మంచివి 8 యూనిట్లు కూడుతుంది (చాలా సబ్జెక్టులు 2 యూనిట్లవి). మొత్తం 500కు. ఆ మొత్తాల వరసే ఏటార్.

ఇంగ్లీషు తప్పదు కాబట్టి ఒక మాట. ఇండియా నుంచి ఇక్కడికి ఇయర్ 9, 10లో వచ్చిన పిల్లలకు ఈఏఎల్‌డీ ఇంగ్లీషు, అంటే ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల కోర్సు, తీసుకుందామనుకుంటారు. ఇయర్ 11కి ముందు ఇంగ్లీషు మీడియంలో ఐదేళ్లకు మించి చదివినవాళ్లకు అది కుదరదు. మన ఇంగ్లీషు మీడియం స్కూళ్ల ఏళ్లు కూడా ఇందులో లెక్కే. ఆ పిల్లలు మామూలుగా స్టాండర్డ్ లేదా అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు తీసుకుంటారు. ఇయర్ 10లోనే ఆ ఇంగ్లీషు మీద శ్రద్ధ పెట్టించండి.

స్కేలింగ్ బాగుంటుందని ఇష్టం లేని సబ్జెక్టు తీసుకోవడం గురించి అందరూ అడుగుతారు. స్కేలింగ్ ఉన్నా, ఆ సబ్జెక్టులో చివరి ర్యాంకు మీ పిల్లదే అయితే పైన ఐదుగురి ఉదాహరణలో ఐదో పిల్ల లెక్క మళ్లీ చూడండి. మా అమ్మాయి స్నేహితురాలు ఎకనామిక్స్, మోడర్న్ హిస్టరీ తీసుకుంది. ఆ రెండూ ప్రేమగా చదివింది కాబట్టే ర్యాంకులో పైన ఉంది.

డిసెంబరులో కాగితం చదవడం

చివరి పరీక్ష అయ్యాక పిల్లలు నేసా స్టూడెంట్స్ ఆన్‌లైన్‌లో తమ అసెస్‌మెంట్ ర్యాంకులు చూసుకోవచ్చు. అది మీరు రాసిపెట్టుకున్న అంచనాకు చాలా దూరంగా ఉంటే, స్కూలును రివ్యూ అడిగే గడువు కొద్ది రోజులే. అడగగలిగేది టాస్కుల శాతాలు సరిగ్గా వేశారా, కూడికలో తప్పుందా అన్నదే. ఒక టాస్కులో టీచరు వేసిన మార్కును అప్పుడు ప్రశ్నించలేరు. ఆ ప్రశ్న టాస్క్ తిరిగొచ్చిన వారంలోనే అడగాలి. ఏడాది పొడవునా ప్రతి టాస్క్ మార్కునీ ర్యాంకునీ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టమని అందుకే చెప్తున్నాను.

డిసెంబరు మధ్యలో ఫలితాలు వస్తాయి. ప్రతి సబ్జెక్టుకూ మూడు అంకెలు కనిపిస్తాయి: పరీక్ష మార్కు, అసెస్‌మెంట్ మార్కు, హెచ్‌ఎస్‌సీ మార్కు. పక్కన బ్యాండ్. స్కూల్లో 92 వచ్చిన పిల్లకు అసెస్‌మెంట్ దగ్గర 88 కనిపిస్తే ఎవరో తగ్గించారని కంగారుపడకండి, అది మోడరేషన్ తర్వాతి మార్కు. ఏటార్ యూఏసీ నుంచి వేరుగా వస్తుంది. యూనివర్సిటీలు దానికి తమ అడ్జస్ట్‌మెంట్ పాయింట్లు కలిపి సెలెక్షన్ ర్యాంకు చూస్తాయి. ఆ పాయింట్ల కోసం యూఏసీలో ఎడ్యుకేషనల్ యాక్సెస్ దరఖాస్తు ఉంటుంది. ఇంట్లో ఎవరైనా పెద్ద అనారోగ్యంతో ఉన్నా, ఆర్థికంగా ఇబ్బంది ఉన్నా ఆ ఫారం ముందే నింపండి.

మావాడి ఫలితాలు వచ్చిన పొద్దున, వాడు ఫోన్ తీసి మొదట చూసింది తన మార్కు కాదు. ఫిజిక్స్ గుంపు వాట్సాప్‌లో ఆ ఆఖరి కుర్రాడికి ఎంత వచ్చిందో చూశాడు. 71. మా ఇంట్లో ఆ పొద్దున మొదటి కేక దానికే.